జిగ్ మీద క్లియర్ కోటు: ముందు ఊడిన పెచ్చును తిరగేసి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. సీసం కరిగించి 40, 60 గ్రాముల జిగ్‌లు, అంటే గాలపు తాడుకు కట్టి విసిరే సీసపు ఎరలు, ఇంట్లోనే పోసుకున్నావు. అక్రిలిక్ రంగులు వేసి, పైన రంగును కాపాడే పారదర్శక పూత, అదే స్ప్రే డబ్బా క్లియర్, రెండుసార్లు కొట్టావు. మైపాడు తీరంలో రెండు ఉదయాలు, జువ్వలదిన్నె రాళ్లగట్టు మీద ఒక సాయంత్రం విసిరేసరికి రంగంతా పెచ్చులుగా లేచిపోయింది. "అన్నా, అన్నిటికంటే గట్టి క్లియర్ ఏదో పేరు చెప్పు చాలు" అన్నావు.

పేరు చెబుతాను. అంతకంటే ముందు నీ గాలాల పెట్టె అడుగున రాలిన పెచ్చు ఒకటి ఉంటుంది, దాన్ని తీసి తిరగేసి చూడు. పెచ్చు వెనక రంగు అంటుకుని వచ్చి, జిగ్ మీద ఉత్త సీసం కనిపిస్తుంటే నీ క్లియర్ తప్పేమీ లేదు. అది రంగును గట్టిగానే పట్టుకుంది, రంగే సీసాన్ని పట్టుకోలేదు. పెచ్చు గాజుముక్కలా రంగు లేకుండా ఉండి రంగు జిగ్ మీదే ఉండిపోతే, అప్పుడు క్లియర్‌కూ రంగుకూ పొత్తు కుదరలేదన్న మాట. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు. నా దగ్గరికి తెచ్చి చూపించినవాళ్లలో ఎక్కువమందిది మొదటి జబ్బే. వాళ్లంతా డబ్బా మార్చి, మళ్లీ డబ్బా మార్చి, చివరికి "మన ఎండకు ఏదీ నిలవదు" అని తేల్చేసుకున్నవాళ్లు.

నేను కొత్తపట్నం వైపు ఫైబరు బోట్లకు మరమ్మతులు చేసి బతికినవాణ్ని. జిగ్‌లు సరదాగా మొదలుపెట్టాను. రెజిన్ అనే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డనర్ చేతికి అంటని రోజు లేదు కాబట్టి చెప్పే ధైర్యం ఉంది.

సీసం సంగతి చూడు. అచ్చులోనుంచి అప్పుడే తీసిన సీసం వెండిలా మెరుస్తుంది. రోజులు గడిచేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ బూడిదరంగు ఆక్సైడు పొర. వేలితో రుద్దితే వేలికి అంటుతుంది, అంటే సీసం మీద దానికే పట్టు లేదు. దానిమీద నువ్వు ఎంత ఖరీదైనది పూసినా దుమ్ము మీద ముగ్గు పెట్టినట్టే. పైగా సీసం అచ్చుకు అంటుకోకుండా ఉండాలని కొవ్వొత్తి మసి పట్టిస్తాం, కొందరు టాల్కం పౌడరు చల్లుతారు. అదంతా జిగ్ ఒంటి మీదికే వస్తుంది.

మన తీరంలో దీనికి తోడు ఉప్పుగాలి ఉంది. కడిగి మేడమీద ఆరబెట్టిన జిగ్ మీద రాత్రికి రాత్రే కంటికి కనిపించని ఉప్పు దిగుతుంది. మన చేతి చెమటలోనూ ఉప్పే. ఏ పూతా నీటిని పూర్తిగా ఆపదు, సన్నగా తేమ లోపలికి దిగుతూనే ఉంటుంది. అడుగున ఉప్పు ఉంటే ఆ తేమను అక్కడికి లాగుతుంది. మామిడిముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరదూ, అలాగే పూత కింద నీరు ఊరి బొబ్బ లేస్తుంది. బోటు అడుగున ఇలాంటి బొబ్బలు ఎన్నిటిని చిదిమానో లెక్కలేదు. జిగ్ మీద బొబ్బ గోరంత కూడా ఉండదు, కానీ విసిరిన నాలుగోసారి పెచ్చు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

కాబట్టి పూతకు ముందు పని ఇలా చెయ్యి. అంచుల్లో మిగిలిన సీసపు రెక్కలను ఆకురాయితో తీసెయ్యి. తరువాత 220, 320 నంబర్ల వాటర్ పేపరుతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, నీళ్లలో ముంచి రుద్దు. పొడిగా రుద్దవద్దు, సీసం పొడి గాలిలో లేస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది మంచిది కాదు. పాత పళ్ల బ్రష్షుతో సబ్బునీళ్లు పెట్టి తోమి, మంచినీళ్లలో రెండుసార్లు కడుగు. ఆరాక అసిటోను తడిపిన తెల్లగుడ్డతో తుడువు, గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా. ఆ తరువాత ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, కన్నానికి తీగ కట్టి తీగనే పట్టుకోవాలి. అదే రోజు ప్రైమరు, అంటే రంగు కింది అడుగుపూత, పడాలి, రేపు చూద్దాం అంటే ఆక్సైడు మళ్లీ వస్తుంది. ప్రైమరంటే గేట్లకు కొట్టే రెడ్ఆక్సైడు కాదు. కార్లకు రంగువేసే షెడ్లలో అల్యూమినియం మీద కొట్టే, లోహాన్ని కొద్దిగా తిని పట్టుకునే ఎచ్ ప్రైమరు గానీ, రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు గానీ పలచగా ఒక్క పూత. ప్రైమరు మందంగా ఉంటే గట్టి అనుకుంటారు. మందమైన ప్రైమరు లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఇక నువ్వు వాడిన ఆ మాట, 'గట్టి'. చిక్కంతా అందులోనే ఉంది. సీసం ఎంత మెత్తనిదంటే గోరుతో గీస్తే గీత పడుతుంది. రాయికి కొట్టుకున్నప్పుడు సీసం లోపలికి సొట్టపోతుంది, పైన ఉన్న పూత దానితోపాటు వంగాలి. వంగలేనిది పగులుతుంది. దూదిపరుపు మీద గాజుపలక పరిచి దానిపై కూర్చుంటే ఏమవుతుందో అదే. అందుకే గీస్తే గీత పడనంత కఠినమైన పూత జిగ్‌కు పనికిరాదు, కొంచెం సాగే గుణమున్న పూతే నిలుస్తుంది. గోళ్లరంగు, స్ప్రే డబ్బా లాకరు, అతినీలలోహిత దీపం కింద గట్టిపడే రెజిన్ దళసరిగా పూస్తే అదీ రాళ్ల మీద చిట్లేది అందుకే.

మరి రాళ్లు మనకు ఎన్నిచోట్ల ఉన్నాయి? పాకాల, రామాయపట్నం, తుమ్మలపెంట, కోడూరు, ఎక్కడ నిలబడినా ఇసుకే. హార్బర్ల రాళ్లగట్లు తప్పిస్తే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో జిగ్‌కు తగిలే దెబ్బ ఇసుక రాపిడి. అడుగుకు దించి లాగుతున్నంతసేపూ జిగ్ పొట్టను సముద్రం నీ వాటర్ పేపరులాగే రుద్దుతుంది. రాపిడికి కావలసింది మందం, దెబ్బకు కావలసింది సాగుడు. నువ్వు ఎక్కువగా మైపాడు ఇసుకలోనే విసురుతావు కాబట్టి మందంగా పడి కొంచెం సాగే పూత కావాలి. అది ఎపాక్సీ, రెజిన్, హార్డనర్ రెండూ కలిపితే గట్టిపడేది.

ఎపాక్సీ అంటే అయిదు నిమిషాల్లో పట్టేసే జిగురు గొట్టాలు కాదు. అవి అతికించడానికి చేసినవి. నాలుగు జిగ్‌లు పూసేలోపు పళ్లెంలోనే గడ్డకడతాయి, నీళ్లకు తొందరగా మెత్తబడతాయి, పసుపెక్కుతాయి. బల్లల లోతు గాడుల్లో పోసే రెజిన్ కూడా కాదు. అది నీళ్లలా పలచగా ఉండి గంటల తరబడి పట్టదు, జిగ్ మీదనుంచి కారి నేలపాలవుతుంది. పైపూతకు అని రాసి ఉన్న రంగులేని ఎపాక్సీ తీసుకో. దొరికితే ఫిషింగ్ రాడ్‌కు గైడ్లను (గాలపు తాడు దూరే రింగులను) కట్టే దారం మీద పూసే ఎపాక్సీ ఇంకా మంచిది. రాడ్ వంగినప్పుడల్లా పగలకూడదని దాన్ని సాగేలాగే తయారుచేస్తారు. నేను తేల్చుకున్న సమాధానం ఇదే: రాడ్ ఎపాక్సీ, రెండు పూతలు.

కలపడం దగ్గర మనవాళ్లు చేసే తప్పు కంటి అంచనా. తొందరగా గట్టిపడాలని హార్డనర్ ఒక చుక్క ఎక్కువ వేస్తారు. బోటు పనిలో పాలియెస్టర్ రెజిన్‌కు ఆ చుక్కతో వేగం పెరుగుతుంది, నిజమే. అక్కడి హార్డనర్ రసాయన చర్యను మొదలుపెట్టేది మాత్రమే. ఎపాక్సీ హార్డనర్ అలా కాదు, అది రెజిన్‌తో జతకట్టి పూతలో భాగమైపోతుంది. ఎక్కువైనది జత దొరక్క మిగిలిపోయి పూతను జిడ్డుగా, రబ్బరులా ఉంచేస్తుంది. డబ్బా మీద నిష్పత్తి కొలతకు చెప్పారా, తూకానికి చెప్పారా చూసుకో. రెజిన్ కంటే హార్డనర్ సాధారణంగా తేలిక, అందుకని కొలతకు 2:1 అని రాసినదాన్ని తూకంలో అలాగే వేస్తే లెక్క తప్పుతుంది. దశాంశం వరకు చూపే చిన్న జేబు తరాజు ఒకటి కొనుక్కో. 40 గ్రాముల జిగ్‌కు ఒక పూతకు గ్రాముకు మించి పట్టదు, పది జిగ్‌లకు పది గ్రాములు కలిపితే మిగులుతుంది. రెండు నిమిషాలు నెమ్మదిగా, గిన్నె అంచులు గీకుతూ కలుపు. బుడగలు వస్తే జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరంనుంచి వెచ్చటి గాలి చూపించు, నోటితో ఊదవద్దు.

యాంత్రిక పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట విరామం కదా. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి కనుక మా పని ముమ్మరం అప్పుడే. జిగ్‌లు పూసుకుందామని కుర్రాళ్లు వచ్చేదీ అప్పుడే. రోహిణీ కార్తెలో ఎపాక్సీ నీ మాట వినదు. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే కలిపాక గడ్డకట్టేలోపు చేతిలో ఉండే సమయం సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు అని డబ్బా మీద రాసినది మన మధ్యాహ్నపు రేకుల షెడ్డులో పది నిమిషాలు ఉంటే గొప్ప. లోతు గిన్నెలో పెట్టుకుంటే అది తనలో తాను కాగి ఇంకా ముందే గడ్డకడుతుంది. కలిపిన వెంటనే రేకుకాగితం మీద పలచగా పరిచి, అందులోనుంచి కుంచెతో తీసుకో. తెల్లవారుజామున కాకుండా, ఎండ పైకి రాకముందు ఎనిమిది గంటల ప్రాంతంలో పూయి.

తెల్లవారుజామున ఎందుకు వద్దంటే మంచు, తేమ. ఇది నా చేతులు కాలాక తెలిసిన సంగతి. ఒక నవంబరులో, రెండు వానల మధ్య తెరిపి దొరికిందని, సాయంత్రం నలభై జిగ్‌లు పూసి మేడమీద దండేనికి వేలాడదీశాను. పొద్దున చూస్తే అన్నీ పాలు పోసినట్టు తెల్లబారి, ముట్టుకుంటే మైనంలా జిడ్డు. హార్డనర్‌లోని అమీన్ అనే రసాయనం గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైకి తేలితే అలా అవుతుంది. అది తెలియక, పైన ఇంకో పూత వేస్తే మెరుపు వస్తుందిలే అని వేశాను. వచ్చింది మెరుపు. మొదటి పార చేప పట్టగానే పైపూత ఉల్లిపొరలా ఊడివచ్చింది. ఆ జిడ్డును వట్టి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగేస్తే పోతుంది. కడిగి, ఆరబెట్టి, వాటర్ పేపరుతో మెరుపు చంపి రెండో పూత వేసి ఉంటే నలభై జిగ్‌లూ దక్కేవి.

అప్పటినుంచి ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఆరుబయట ఎపాక్సీ పూయడం మానేశాను. మూసిన గదిలో, మామూలు బల్బు వెలిగించిన చెక్కపెట్టెలో ఆరబెడతాను. ఏసీ గదిలో ఉంచిన జిగ్‌ను వసారాలోకి తెచ్చి వెంటనే పూయవద్దు కూడా. చల్లబడిన సీసం బయటి గాలి తగలగానే చల్లనీళ్ల సీసాలా చెమట పడుతుంది. నువ్వు ఆ చెమట మీద పూస్తావు. అరగంట బయటే ఉంచి, తుడిచి, అప్పుడు పూయి.

పూసిన జిగ్‌ను అలాగే వేలాడదీస్తే పూతంతా తోకకు దిగి బొట్టుకడుతుంది, తలమీద ఏమీ మిగలదు. తల వైపే దెబ్బలు. అందుకని తిప్పుతూ ఆరబెట్టాలి. నిమిషానికి అయిదారు చుట్లు తిరిగే చిన్న మోటారు చాలు, మైక్రోవేవ్ ఓవెన్ పళ్లేన్ని తిప్పేది సరిపోతుంది. అది కొత్తగానే కొనుక్కో. పాత ఓవెన్ విప్పి తీద్దామని చూడవద్దు, లోపలి కెపాసిటరు ప్లగ్గు పీకేసిన తరువాత కూడా ప్రాణం తీయగలదు. మొదటి పూత వేలికి కొద్దిగా అంటుకునే దశలో ఉండగానే రెండోది వేస్తే రెండూ ఒకటవుతాయి. ఆ దశ దాటితే మర్నాటి దాకా ఆగి, వాటర్ పేపరు పట్టి వెయ్యాలి.

తరువాత వారం రోజులు దాన్ని ముట్టుకోవద్దు. మర్నాటికి గట్టిగా కనిపిస్తుంది కానీ అది పైపై గట్టిదనం. నువ్వు శుక్రవారం పూసి ఆదివారం విసిరి ఉంటావు, అవునా? నేనూ అంతే చేసేవాణ్ని.

ఎపాక్సీకి ఒక లోపం ఉంది, ఎండకు పసుపెక్కుతుంది. తెల్లపొట్ట జిగ్‌లు ఒక వేసవికి నెయ్యి రంగుకు వస్తాయి. వంజరానికి అదేమీ పట్టినట్టు కనిపించలేదు, మనకే పడుతుంది. తప్పదనుకుంటే కార్ల మీద కొట్టే రెండు డబ్బాల పాలియురేథేన్ క్లియర్‌ను ఎపాక్సీ గట్టిపడ్డాక, 600 నంబరు పేపరుతో మెరుపు చంపి, పలచగా ఒక పూత వెయ్యి. ఎండకు అదే మొనగాడు, సాగుడు కూడా ఉంది. మందం మాత్రం రాదు. ఇసుకను అదొక్కటే ఆపాలంటే మూడు నాలుగు పూతలు పడాలి.

అయితే దాన్ని ఇంట్లో స్ప్రే చెయ్యవద్దు. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. పీల్చినవాళ్లలో కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆ తరువాత కొద్దిపాటి వాసనకే ఊపిరాడదు. ముఖానికి కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. తేలిక మార్గం చెబుతాను. కావలిలోనో ఒంగోలులోనో కార్ల షెడ్డులో పరిచయం ఉంటే, జిగ్‌లన్నీ ఒక తీగకు గుచ్చి సాయంత్రం తీసుకెళ్లు. బంపరు పని అయ్యాక స్ప్రే గన్‌లో కలిపిన క్లియర్ కొంచెం మిగులుతుంది, అది రేపటికి పనికిరాదు, పారబోస్తారు. ఒక టీకి నీ జిగ్‌ల మీద పడుతుంది. ముందు ఒక జిగ్ మీద మాత్రమే కొట్టించి చూడు. కళ్లు, చారలు మార్కరు పెన్నుతో గీసి ఉంటే ఆ థిన్నరుకు సిరా పాకి జిగ్ ఏడ్చిన కాటుకలా తయారవుతుంది.

తేమను తాగి గట్టిపడే ఒక్క డబ్బా పాలియురేథేన్ గురించి కూడా అడిగావు. ముంచి తీసి వేలాడదీస్తే చాలు, పని సులువే, పూత కూడా మంచిదే. కానీ మన గాలికి డబ్బాయే ముందు గట్టిపడుతుంది. ఆ డబ్బాలో జిగ్‌లు ముంచకుండా, కావలసినంత చిన్న సీసాలోకి ఒంపుకుని వెంటనే మూత బిగించగలిగితేనే కొను. బోటు రెజిన్ (పాలియెస్టర్) పోయవచ్చా అని వేరే ఒకాయన అడిగాడు. వద్దు. గట్టిపడేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది, లోహం మీద పట్టు తక్కువ, దానిలోని స్టైరీన్ అనే ద్రవం నీ రంగును కరిగిస్తుంది. నా సరుకే అయినా వద్దనే అంటాను.

పౌడరు కోటింగు సంగతి వేరు. జిగ్‌ను వేడిచేసి పొడిలో ముంచి, ఓవెన్‌లో సుమారు 180, 200 డిగ్రీల దగ్గర కాలిస్తే సీసం మీద దానంత పట్టు మరి దేనికీ రాదు. సీసం 327 డిగ్రీలకు గానీ కరగదు కనుక భయం లేదు. సీసం బదులు బిస్మత్, తగరం కలిపిన మిశ్రమం వాడేవాళ్లు మాత్రం ఓవెన్ జోలికి పోవద్దు, ఆ మిశ్రమాల్లో 138 డిగ్రీలకే కరిగిపోయేది ఉంది. అంటించిన కళ్లు, మెరుపు కాగితం కూడా ఆ వేడికి ముడుచుకుపోతాయి. అందుకే నువ్వు చేసే చేప ఆకారపు జిగ్‌లకు అది కుదరదు. ఒకే రంగు గుండు తల జిగ్‌లకు, పురుగు ఆకారపు మెత్తని రబ్బరు ఎర తొడిగేవాటికి అదే వాడు. ఆ మెత్తని పురుగుల్లో ఉండే నూనెలాంటి పదార్థం లాకరును, అక్రిలిక్‌ను జిగురు చేసేస్తుంది. పౌడరు, బాగా గట్టిపడిన ఎపాక్సీ తట్టుకుంటాయి. ఏదైనా సరే పురుగులను, జిగ్‌లను ఒకే అరలో పెట్టవద్దు. ఓవెన్ వేరేది ఉండాలి, వంటింటిది వాడితే ఇంట్లోవాళ్ల చేతిలో నీ పూత ఊడుతుంది.

రాళ్లగట్టు మీద విసిరేవాటికి నేనైతే ఇంత శ్రమ పడను. గ్రానైటు రాళ్ల మధ్య జిగ్ బతికేదే కొద్దిసేపు. సావిళ్లలాంటి చేపల పళ్లకు ఎపాక్సీ తట్టుకుంటుంది కానీ ఇరుక్కుని తెగిపోయినదానికి ఏ పూతయినా ఒకటే. అక్కడికి ప్రైమరు, ఒక రంగు, ఒక్క పూత ఎపాక్సీ.

ఇప్పుడు నీ దగ్గర ఊడిపోయిన జిగ్‌లు. వాటిని రంగుతోనే మళ్లీ కుండలో వేసి కరిగించవద్దు, కాలిన రంగు పొగ విషం. తడి ఉన్నా కరిగిన సీసం పేలినట్టు చిమ్ముతుంది. రంగు తీసే రిమూవర్‌ను ఆరుబయట, చేతులకు తొడుగులు వేసుకుని పూసి, గీకి, కడిగి, పైన చెప్పిన పని మొదటినుంచి చెయ్యి. అన్నీ ఒకేసారి వద్దు, మూడు చాలు. వారం ఆగాక ఒకదాని మీద బ్లేడుతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు సీసం దాకా గీసి, పైన టేపు గట్టిగా నొక్కి ఒక్కసారిగా లాగు. గళ్లు ఊడిరాకపోతే నీ అడుగుపొర మంచిది. రెండోదాన్ని ఉప్పునీళ్ల సీసాలో వారం నానబెట్టి బొబ్బలు వెతుకు. మూడోదాన్ని మైపాడు తీసుకెళ్లి విసురు. ఎక్కడైనా ఊడితే పెచ్చును పారేయకుండా వెనకవైపు ఫొటో తీసి పెట్టు, ఏ పొర దగ్గర విడిపోయిందో చూసి చెబుతాను.